మూడు తొవ్వల కాడ

ఆర్మూరు పసుపు యార్డు వెనకాల కాలనీలో ఒక ఇంటి ముందు. అమావాస్య మర్నాడు, బడి వదిలే వేళకు కాస్త ముందు. మండలం ఆఫీసు నుంచి వచ్చిన రజనితో భాగ్యవ్వ మాట్లాడుతోంది. పక్కనే కోడలు వినోద బీడీలు చుడుతోంది.

"వస్తనంటున్న కద మేడం, రానంటలేను. గని ముందుగాల ఒక్క మాట. మా బబ్లుగాడు ఉరకలే. గది రాసుకుంటనంటేనే నేను అడుగు ఏస్త."

"ముందు తొవ్వ చూద్దాం అవ్వా. చూసినంక రాస్త."

"సూసుడేంది, నేను చెప్తున్న కద. గా ట్రాక్టరాయన చెప్పిండట, ఒక్కపారి ఉరికొచ్చి అడ్డం వడ్డడని. పోలీసోళ్లు గదే రాసుకున్నరు. మీ ఆఫీసోళ్లు గదే రాసుకున్నరు. ఇగ వాడకట్టంత గదే పాట. భాగ్యవ్వ మనుమడు కోతి, రోడ్డు మీదికి ఉరికిండు, పోయిండు."

"అందుకే నన్ను మళ్ల పంపిన్రు. పిల్లలు బడికి నడిచొచ్చే తొవ్వలన్ని నడిచి చూసి, ఏది భద్రం, ఏది కాదు, రాయమన్నరు. యాక్సిడెంట్ అయిన కాడ ఎందుకైందో కారణం సుత రాయాలె."

"గా కారణమే తప్పు. గది మార్చు."

"తప్పయితే మారుస్త."

"ఒట్టా?"

"ఒట్టు గిట్టు వద్దు అవ్వా. మారుస్త అన్న కద."

"ఇన్నవా వినోదా? మేడం మారుస్తదట."

"ఇంటున్న అత్తా."

"జర మొకం లేపి మాట్లాడవే. మేడమూ, గీమె నా కోడలు, బబ్లుగాని తల్లి. పోయిన నెల నుంచి గిదే తీరు. బీడీలు చుట్టుతది, చుట్టుతది, గంతే. మొన్న చాటల ఆకు అయిపోయింది. ఆకు లేదు, తంబాకు లేదు, చేతులు మాత్రం ఆడుతనే ఉన్నయి. నేను పట్టుకొని ఆపిన."

"ఊకో అత్తా."

"ఊకుంటనే ఉన్న కద తల్లి."

"మారిస్తే ఏమొస్తది మేడం? ఉరికిండో, నడిసిండో. ఉరికిండేమో."

"ఉరకలే అంటున్న కద!"

"సరే అత్తా. ఉరకలే. మీరు నడువుండ్రి. నేను గీ నాలుగు కట్టలు కట్టి, బీడీలు అప్పజెప్ప కార్ఖానకు అటే వస్త."

"చెప్పులేసుకొని రా. మొన్న ఉత్త కాళ్లతోనే పోయినవు. రా మేడమూ. మెల్లగ, గీడ మురికి మోరి మూత పలిగింది."

"పిల్లలు ఎప్పుడు గీ గల్లీలకెల్లే పోతరా?"

"గీ గల్లీలకెల్లే. ఏంది, గా ఫోన్ల నొక్కుతున్నవు? మోరి మూత సుత అడుగుతాంది?"

"అడుగుతది. కుక్కలున్నయా అని సుత అడుగుతది."

"కుక్కలా? అగో, గది మా పక్కింటి రత్నవ్వ కుక్క. అచ్చం రత్నవ్వ తీరే. ఊరంత ఇనవడేటట్టు మొరుగుతది గని కరువది. రాసుకో."

"రత్నవ్వ పేరు రాయను అవ్వా."

"రాయి, ఏమైతది. నా మీద ఎన్ని చెప్తదో. సరే, గా మక్కజొన్నలు సూడు. సగం రోడ్డు మీద మక్కలే ఆరబోసిన్రు, సుట్టు రాళ్లు పెట్టిన్రు. మక్కలు ఎత్తుకపోతరు గని రాళ్లు ఎత్తరు. మా వాడకట్టు ఎంకటి పోయిన ఏడు గీ రాయి మీదికెల్లే బండి పోనిచ్చి ముందటి పండ్లు రాలగొట్టుకున్నడు. గిప్పుడు నవ్వితే వానిది నాది ఒక్క తీరు."

"పిల్లలు రాళ్ల బయటికెల్లి నడుస్తరా?"

"ఆఁ. గని గీ సందుల బండ్లు మెల్లగ వస్తయి. ఇగ గా మలుపు తిరిగితే యార్డు రోడ్డు. పసుపు సీజన్ కద, బాల్కొండ దిక్కుకెల్లి, సిరికొండ దిక్కుకెల్లి ట్రాక్టర్లే ట్రాక్టర్లు. మా ముసలాయన యార్డుల హమాలి ఉండె. దినమంత పసుపు సంచులు మోసి ఇంటికొస్తే మనిషి పచ్చగ, అంగి పచ్చగ, మీసాలు సుత పచ్చగ. రోజు పొద్దుమూకితే నా ఇంటికి కొత్త పెండ్లికొడుకు వచ్చినట్టే."

"నవ్వియ్యకు అవ్వా. నేను ఫోటో తీస్తున్న."

"తియ్యి, తియ్యి. గాయన ఉంటే మనుమని ఏలు ఇడిసిపెట్టకపోవు. మంచిగనే ముందుగాల పోయిండు."

"నువ్వు రోజు గీ తొవ్వకు వస్తవట కద. బడిల చెప్పిన్రు."

"వస్త."

"ఎందుకవ్వా?"

"ఎందుకంటే ఏం చెప్పాలె. బడిగంట టైముకు కాళ్లు లేస్తయి. గేటు కాడ నిలవడ్త. పిల్లలు పోయినంక ఇంటికొస్త. అన్నం తింట. నిద్ర సుత పడ్తది బిడ్డా, అబద్దమెందుకు. ఏడుపే రాలే నాకు. వెంకవ్వ అని మా చెల్లె, ధర్పల్లికెల్లి వచ్చి నన్ను పట్టుకొని, ఏడువక్కా ఏడువు, కడుపుల పెట్టుకుంటే పలుగుతవు అని నా ఈపు గుద్దింది. ఈపు నొప్పి లేసింది గని ఏడుపు రాలే."

"కొడుకు వచ్చిండా?"

"ప్రవీణా? మస్కట్‌కెల్లి వచ్చిండు. దినాలు అయినంక పోయిండు. కంపెనోళ్లు గంతే సెలవిచ్చిన్రు. పోయేటప్పుడు బబ్లుగాని పలక, బ్యాగు పైన అటకల పెట్టిండు. గిప్పుడు మా ఇండ్ల అటక దిక్కు ఎవలం సూడం. నీకెంతమంది పిల్లలు మేడమూ?"

"ఒక్క పాప. రెండేండ్లు."

"సల్లగుండని. ఇను మేడమూ, నేను గా మాట కోసం ఎందుకు పట్టు పడ్తున్ననో చెప్త. బడిల వాని పేరు కొట్టేసిన్రు. రేషన్ కార్డుల తీసేసిన్రు. ఇగ వాని పేరు మీద మిగిలింది గా ఒక్క మాట, ఉరికిండని. బడిల పొద్దుగాల పిల్లలందరిని నిలవెట్టి చెప్తున్నరట, బబ్లు లెక్క రోడ్డు మీద ఉరకకుండ్రి అని. గేటు కాడ నిలవడి నా చెవులార ఇన్న."

"పిల్లలకు భయం ఉండాలని చెప్తరు అవ్వా."

"భయం చెప్పమను. వాని పేరెందుకు? మాట ఇనేటోడు బిడ్డా వాడు. మా వాడకట్టుల గంత మాట ఇనే పిలగాడు లేడు. మాది ఒక్క అర్ర ఇల్లు. నేను పగటీలి గడప కాడ ఒరుగుత. పండుకున్నోళ్లను దాటద్దురా, ఎదగరు అని ఎప్పుడో ఒక్కపారి చెప్పిన. ఇగ చూస్కో, నేను పండుకుంటే దాటకపోవు. ఎనక తలుపుకెల్లి బయటవడి, రత్నవ్వ పెరట్లకెల్లి, మోరి దుంకి, సుట్టు తిరిగి ముందటికి వచ్చేటోడు. లేపితే లేస్త కదరా అంటే, నువ్వు బీడీలు చుట్టి అలిసిపోయినవు అవ్వా అనేటోడు."

"ఏ తరగతి?"

"నాలుగు. గసొంటోడు రోడ్డు మీదికి ఉరుకుతడా? పైంగ వానికి జరం ఉండె."

"జరమా? మరి బడికెట్ల పంపిన్రు?"

"తగ్గింది కద. మూడు దినాలు ఇడువకుండ కాసింది. దవాఖానకు తీస్కపోతే గోలీలిచ్చిన్రు, తగ్గలే. ఇగ పోయిన అమాస నాడు వినోద దిష్టి తీసింది. అన్నంల పసుపు కలిపి ముద్ద చేసి, నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది, మోదుగాకు డొప్పల పెట్టి, వాని సుట్టు తిప్పి బయట ఏసొచ్చింది. తెల్లారి లేస్తే ఒళ్లు సల్లగైంది. ఇంత జావ తాగిండు. ఇయ్యాల ఉండురా అన్నది వాళ్లమ్మ. బడి పోతదమ్మా అన్నడు."

"గా దినమేనా?"

"గా దినమే. జరం లేసిన పిలగాడు, కాళ్లల్ల సత్తువ లేనోడు, ఉరుకుతడా? నువ్వే చెప్పు."

"నువ్వు చెప్పింది నిజమే అనిపిస్తుంది. గని చూడవ్వా, యార్డు రోడ్డు అంత గీ మోరి మీద బండలు పరిచి ఉన్నయి. ఎత్తు మీద, వెడల్పుగ, మంచిగున్నయి. పిల్లలు దీని మీదనే నడుస్తే ట్రాక్టర్ తాకనే తాకది."

"గీ బండల మీదనే నడుస్తరు. నేనే చెప్పిన, రోడ్డు దిగద్దురా అని."

"మరి దిగిండు కద. బండలు ఎక్కడ తెగలే, ఎక్కడ పలగలే. అడ్డం ఏం లేదు. గసొంటి కాడ దిగిండంటే, చదివినోళ్లు ఏమంటరు? ఆడుకుంట దుంకిండనే అంటరు. కారణం లేకుంటే నేనేం మార్చాలె?"

"కారణం ఉంటది. నువ్వు సూడు. గందుకే కద నిన్ను తెచ్చిన. అగో, గా మూడు తొవ్వలు కలిసే కాడ. గా కరెంటు పోలు కాడనే. ఆడ వడ్డడు. ఒక్క చెప్పు పోలు కాడ, ఒక్కటి అవుతల."

"నువ్వు ముందు నడువు. నేను ఎనక వీడియో తీస్త."

"ఏం తీస్తవో తియ్యి. పండ్లు లేనిదాన్ని, ఎనకకెల్లి తీసుడే మంచిది. గా దినం నేను ఇంటి కాడ బీడీలు చుట్టుకుంట ఉన్న. ఎవలో ఒర్రిన్రు. ఎట్లొచ్చిననో తెల్వది, మోకాళ్ల నొప్పుల దాన్ని..."

"అవ్వా! అవ్వా, ట్రాక్టర్! పైకి, పైకి ఎక్కు!"

"ఎక్కుతున్న, ఎక్కుతున్న. ఏమైంది, గంత ఒర్రుతవు. దూరంగనే పాయె కద."

"దూరమా? నీ కొంగు గాలికి లేసింది! ఎందుకు దిగినవు?"

"నేనా? ఏడ దిగిన?"

"గిప్పుడే. గీడ. బండల మీద నడుచుకుంట నడుచుకుంట, గీ పోలు కాడికి రాంగనే రోడ్డు మీదికి దిగినవు."

"గా దిష్టిది ఉన్నది కద బిడ్డా. నిన్న అమాస. నిమ్మకాయలు, గుమ్మడికాయ పెచ్చులు. దాన్ని దాటుతరా ఎవలన్న? సుట్టు తిరిగి మళ్ల ఎక్కుడే."

"ఎప్పుడు గిట్లనేనా?"

"ఎప్పుడు గిట్లనే. మూడు తొవ్వల కాడ పెట్టక ఇంక ఏడ పెడ్తరు?"

"అవ్వా."

"ఆఁ?"

"బడి ఇడిసిన్రు. పిల్లలొస్తున్నరు. జర గీడ నిలవడు. చూడు."

"ఏం సూడాలె?"

"కాళ్లు చూడు. వాళ్ల కాళ్లే చూడు. ఒకలు దిగిన్రు. ఇద్దరు. అందరు. అవ్వా, ఒక్కలు సుత బండల మీద ఉండలే. పాపా! ఓ పాపా, ఇటు రా. నీ పేరేంది?"

"దివ్యశ్రీ, మేడం."

"బండల మీద వస్తున్నోళ్లు గీడెందుకు దిగిన్రు?"

"దిష్టి ఉంది మేడం."

"దాటితే ఏమైతది?"

"జరం వస్తది. కాళ్లు పడిపోతయి. మా అమ్మ చెప్పింది."

"రోజు ఉంటదా?"

"అమాస ఎల్లినంక ఉంటది, ఐతారం ఎల్లినంక ఉంటది. దుకాన్లోళ్లు గుమ్మడికాయ కొడ్తరు, గది మస్తు దూరం పడ్తది. అప్పుడు ఇంకా దూరం దిగుతం."

"బబ్లు ఎర్కేనా నీకు?"

"మా క్లాసే మేడం."

"వాడు సుత దిగేటోడా?"

"వాడు అందరి కంటే దూరం దిగేటోడు. వాని నీడ సుత దాని మీద పడద్దట. వాళ్ల అవ్వ చెప్పిందట."

"అవ్వా, నువ్వు..."

"చెప్పిన. అడుగు, అడుగు. పొల్లను అడుగు."

"దివ్యశ్రీ, గా దినం నువ్వున్నవా?"

"ఉన్న మేడం. ముందుగాల నేను దిగిన. నా ఎనక బబ్లు."

"ఉరికిండా వాడు?"

"లే మేడం. మెల్లగ దిగిండు. వానికి జరం ఉండె కద. నేను ఎక్కినంక ఎనకకు సూసిన. వాడు ఇంకా దూరం పోతుండె, నీడ పడద్దని. పొద్దుగాల నీడ పొడుగుంటది కద."

"మరి ఎవలకు చెప్పలేదా గీ ముచ్చట?"

"నన్ను ఎవలు అడగలే."

"పో బిడ్డా, దివ్యశ్రీ. ఇంటికి పో. మీ అమ్మ సూస్తది."

"పోతున్న అవ్వా."

"బండల మీదికెల్లి పో."

"ఆఁ అవ్వా."

"అవ్వా! నువ్వన్నదే నిజం. మొదటి నుంచి నువ్వన్నదే నిజం. ఉరకలే. ఇగో, నీ ముంగటనే మారుస్త. నువ్వు అడిగింది గిదే కద."

"ఆగు బిడ్డా. జర ఆగు. గా దినం నేను ఉరికొచ్చిన కద. పిలగాని దిక్కు సూడబుద్ధి కాలే. కండ్లు ఎటో ఒక దిక్కు పెట్టాలె కద. గీ బండ మీద పెట్టిన. డొప్ప ఉండె."

"ఏం డొప్ప?"

"మోదుగాకు డొప్ప. పసుపన్నం ముద్ద అట్లనే ఉండె. ఒక్క మెతుకు చెదరలే. నిమ్మకాయ కుంకుమ సుత ఆరలే. గంత మంది ఉరికొచ్చిన్రు, ఎవలు తొక్కలే దాన్ని. అందరు సుట్టు తిరిగే వచ్చిన్రు."

"ఎవరిదో..."

"ఎవరిదో కాదు. డొప్ప కుట్టేటప్పుడు అందరు పుల్లను లోపలికి గుచ్చుతరు. మా వినోద పైకెల్లి గుచ్చుతది. పెండ్లయి వచ్చిన కొత్తల నేను మస్తు తిట్టిన, గదేం కుట్టుడే, మీ అవ్వగారింట్ల గిట్లనే కుడ్తరా అని. పుల్ల పైకే ఉండె బిడ్డా."

"అయ్యో."

"అయ్యో అనకు. ఆమె వస్తుంటది గీ తొవ్వకే. గిప్పుడు చెప్పు, మారిస్తే ఏం రాస్తవు?"

"మూల మీద దిష్టి ఏసుడు తోటి పిల్లలు రోడ్డు మీదికి దిగుతున్నరు, బబ్లు సుత గట్లనే దిగిండు, అని. తర్వాత కాలనీల మీటింగ్ పెడ్తం. గీడ ఏయద్దని అందరికి చెప్పాలె."

"బబ్లు పేరు చెప్తరా మీటింగ్ల?"

"చెప్తేనే కద జనం ఇంటరు."

"గా మీటింగ్‌కు వినోద సుత వస్తది. ముంగట్నే కూసుంటది. గా అమాస గీడ డొప్ప పెట్టిందెవలో ఆమెకు ఎర్క."

"ఆమెకు గింతవరకు..."

"తోచలే. నాకే గిప్పుడు తోచింది. రోజు దిగుతనే ఉన్న, రోజు ఎక్కుతనే ఉన్న, తోచలే."

"అవ్వా, నేను అబద్దం రాయలేను. ఇంక మిగిలిన పిల్లలున్నరు. గా దివ్యశ్రీ ఉంది. రేపు ఇంకో ట్రాక్టర్ వస్తది."

"జరుగు."

"ఏం చేస్తున్నవు? అవ్వా, చేతులతోని..."

"తీస్తున్న. గీ అట్టముక్క పట్టు. ఎత్తి మోరిల ఏద్దాం. పట్టవా? నీకు చిన్న పాప ఉంది, వద్దులే, ముట్టకు. నేనే ఏస్త."

"నీకేమన్న అయితే?"

"నాకేం దిష్టి తగులుతది, పండ్లు ఊడినదాన్ని. అయ్యేది అయ్యింది. ఇగో, బండ సాఫయింది. రేపటి నుంచి పొద్దుగాల బడి కంటే ముందు చీపురు తెచ్చుకొని వస్త. కాళ్లు ఎట్లయినా ఇటే వస్తున్నయి. వాటికి ఒక పని దొరికింది. నువ్వు ట్రాక్టర్ల సంగతి రాయి. స్పీడ్ బ్రేకర్ ఏయమను. మోరి మూత రాయి, మక్కల రాళ్లు రాయి. రత్నవ్వ కుక్కను సుత రాయి."

"గా మాట?"

"గా మాట అట్లనే ఉంచు."

"నువ్వే కదవ్వా గింతసేపు... వాని పేరు మీద మిగిలింది గదొక్కటే అన్నవు."

"అన్న. మెల్లగ మాట్లాడు, అగో వస్తుంది. కొంగు మీద కుంకుమ కానొస్తుందా?"

"కానొస్తుంది."

"మడత పెట్టుకుంట. రా వినోదా. చెప్పులేసుకున్నవా?"

"ఏసుకున్న అత్తా. ఇంకా గీడనే ఉన్నరేంది?"

"ట్రాక్టర్లు లెక్క పెడ్తున్నం. మేడంకు ఫోన్ల అన్ని నొక్కాలట. నువ్వు పో, కార్ఖాన మూస్తరు."

"పోత గని... మేడం, ఒక్క మాట."

"చెప్పు వినోదా."

"ఇందాక, మారిస్తే ఏమొస్తది అన్న. బీడీలు కట్టుకుంట ఆలోచన చేసిన. అత్త చెప్పింది నిజమే. వాడు ఉరికేటోడు కాదు మేడం. అన్నం తినుమంటే తినేటోడు, పండుకోమంటే పండుకునేటోడు. మార్చుండ్రి మీరు. బడిల వాని పేరు గట్ల చెప్తుంటే నాకు ఇనబుద్ధి కాదు."

"అది... వినోదా, నేను..."

"చూసిన్రు కద మీరు తొవ్వంత? ఉరకకపోతే మరి నా కొడుకు గీడ ఎందుకు దిగిండు మేడం?"

"మార్చకు మేడమూ, ఉన్నది ఉన్నట్టే ఉంచు. ఉరికిండు. మా బబ్లుగాడు పుట్టంగనుంచి ఒక్కల మాట ఇన్నోడు కాదు."